స్వయంగా తిన్నది

మార్చి 3, సోమవారం

"కాకమ్మ కథలు వద్దమ్మా" అంది సైంటిస్టమ్మ. నా ముఖం మీదే, అదీ నవ్వుతూ.

ఇరవై రెండేళ్లుగా ఈ పక్షుల షెడ్డులో కాకులకు మేత పెట్టి, నీళ్లు మార్చి, రెట్టలు కడిగి, కాళ్లకు రంగు రింగులు తొడిగి, రోజూ పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ తూకం వేసి షీటు నింపుతున్నదాన్ని నేను. సైంటిస్టమ్మ వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆమె షెడ్డులో నిలబడ్డ గంటలన్నీ కలిపితే రెండు రోజులు కూడా కావు. వాసన పడదట. కాకుల మీద పరిశోధన చేసే మనిషికి కాకుల వాసన పడదు. ఈ మాట బయట చెబితే నమ్ముతారా ఎవరైనా?

షెడ్డు పడగొట్టి కొత్త ల్యాబ్ కడతారని పోయిన నెలే చెప్పారు. ఉన్న పద్నాలుగు కాకులను మూడు ఊళ్లకు పంచుతారు. ఏది ఎక్కడికో ఇవాళ లిస్టు అంటించారు. తల్లీపిల్లలు, తోడబుట్టినవి ఒక చోటికి. రక్తసంబంధం లేనివి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి. ఆ లెక్కన మా ముసలి ఆడకాకి ముసలమ్మ ఒక ఊరికి, కుంటి మగకాకి కుంటోడు ఇంకో ఊరికి. ఇరవై ఎనిమిదిన వ్యాను.

చేతులు కూడా కడుక్కోకుండా ఆమె గదికి వెళ్లాను. ఆ రెండింటినీ విడదీయొద్దు, కుంటోడు రోజూ ముసలమ్మ నోట్లో మేత పెడతాడు అని చెప్పాను. మగది ఆడదానికి పెట్టడం జతకట్టే కాలంలో మామూలే అంది. ముసలమ్మ గుడ్లు పెట్టడం మానేసి ఆరేళ్లయింది, ఆ కాలం ఎప్పుడో దాటిపోయింది అన్నాను. అయితే ముసలిది నోరు తెరిచి రెక్కలు ఆడిస్తూ ఉంటుంది, కాకిపిల్లలు అలాగే అడుగుతాయి, అది చూస్తే ఏ కాకికైనా పెట్టాలనిపిస్తుంది, బటన్ నొక్కినట్టు అంది. దానికో పేరుంది, సహజాతం. పుట్టుకతో వచ్చిన బుద్ధి అన్నమాట. అంతకు మించి ప్రేమా లేదు దోమా లేదట.

మిగతా పన్నెండు కాకుల్లో ఒక్కటీ పెట్టదేం మరి, కుంటోడికి ఒక్కడికే ఉందా ఆ బటన్ అని అడిగాను. అప్పుడే అంది ఆ మాట.

కాకిపిల్ల కాకికి ముద్దని మాకూ తెలుసు. దానికోసం ఆమె చదివినంత చదువు అక్కర్లేదు. కానీ ముసలమ్మ కుంటోడికి తల్లి కాదు, పెళ్లాం కాదు, అత్త కూతురు అసలే కాదు. అది రెక్క విరిగి బయటినుంచి వచ్చింది. వీడు ఇక్కడే వేరే జంటకు పుట్టి, చిన్నప్పుడు తలుపు సందులో పడి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. వీడికేం పట్టిందని పెడుతున్నాడు?

బస్సులో ఇంటికొచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి.

మార్చి 4, మంగళవారం

వదినతో చెప్పాను. ఈవిడ మా ఆయన అక్క. ఆయన పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి ఈ రెండు గదుల్లో మేమిద్దరమే. మోకాళ్లు పట్టేశాక కుట్టుమిషను పక్కన పెట్టేసింది, ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర కుర్చీలోనే. ఆవిడను నేనే చూసుకోవాలి. కన్నవాళ్లు లేరు, కట్టుకున్నవాడు లేడు, నేను కాకపోతే ఎవరున్నారు?

అంతా విని, "అసలు సంగతి చెప్పావా మరి?" అంది.

ఏ అసలు సంగతి అన్నాను.

"దాని కళ్ల సంగతి."

ఆ సంగతి ఇక్కడ రాయను.

మార్చి 5, బుధవారం

ఆఫీసు నడవాలో ఆమె ఫోటోతో పెద్ద పోస్టరు ఉంటుంది. రెండు నెలలుగా రోజుకు నాలుగుసార్లు దాని ముందునుంచే నడుస్తున్నాను. ఇవాళ నిలబడి మొత్తం చదివాను. "నాలుగేళ్ల రోజువారీ పరిశీలనలో, జత కాని, రక్తసంబంధం లేని పెద్ద కాకికి మరో కాకి మేత పెట్టిన సందర్భం ఒక్కటి కూడా నమోదు కాలేదు." దానికి బహుమతి కూడా వచ్చిందట. చూడనిదానికి బహుమతి ఇస్తారని తెలిస్తే నేనూ రెండు కళ్లూ మూసుకుని కూర్చునేదాన్ని.

మార్చి 6, గురువారం

పిలిపించింది. బల్లమీద నాలుగేళ్ల షీట్లు, కట్టలు కట్టలు. పైనున్న కట్ట విప్పి, ఐదో గడి మీద వేలు పెట్టింది. ఆ గడి పేరు "స్వయంగా తిన్నది". ముసలమ్మ పేజీలో ప్రతిరోజూ టిక్కు. ఒక్కరోజు కూడా ఖాళీ లేదు.

"కుంటోడు రోజూ పెడితే ఇదేంటమ్మా? ఇది మీ చేతిరాతే కదా?"

ఆమె గొంతులో కోపం లేదు. అడిగింది, అంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ఎందుకో చీర కొంగు మీదకు పోయింది. షీటు షీటే, కన్ను కన్నే అని ఏదో అనేసి వచ్చేశాను.

సరే, రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

నాలుగేళ్ల క్రితం ముసలమ్మకు రెండు కళ్లూ పోయాయి. ఎడమ కన్ను తెల్లబడింది. కుడిది చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దాంతో ఏమీ కనిపించదు. ఏ పక్షయినా మూడురోజులు తనంతట తాను తినకపోతే పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి. ఆయన ప్రాణం తీసే సూదిమందున్న చిన్న పెట్టె పట్టుకుని వస్తాడు. షీటు మీద "తీసివేత" అని రాసి సంతకం పెడతాడు. ఇరవై రెండేళ్లలో ఆ పెట్టెను పదిహేనుసార్లు చూశాను.

రెండురోజులు తినలేదు. మూడోరోజు పొద్దున్నే నేను షీటు పట్టుకుని నిలబడి ఉంటే, కుంటోడు కుంటుకుంటూ వచ్చి దాని ముక్కులో గుడ్డు ముక్క పెట్టాడు. అది మింగింది. నేను టిక్కు పెట్టాను.

మర్నాడూ పెట్టాడు. మర్నాడూ నేను టిక్కు పెట్టాను. అంతే, మొదలైంది. డాక్టరు ఆరునెలలకోసారి వస్తే ఎడమ కన్ను చూపించి, కుడిది బాగానే ఉంది సార్ అనేదాన్ని. తూకానికి నేనే చేత్తో ఎత్తి పెట్టేదాన్ని. నా వారపు సెలవుకి వచ్చే తోటమాలి నిన్నటి పేజీ చూసి ఇవాళ్టిది నింపేవాడు, కాబట్టి ఆయనతోనూ ఇబ్బంది లేదు.

అబద్ధం అని మాత్రం ఒప్పుకోను. తిన్నదా? తిన్నది. ఎవరి నోటితో తిన్నది? తన నోటితోనే. మింగింది కూడా స్వయంగానే కదా.

మార్చి 7, శుక్రవారం

ఆ గడి పెట్టినవాళ్లది తప్పు. అవును లేక కాదు, ఇంకో దారి లేదు. పెట్టినవాడి పేరు రాయడానికి చోటు ఉంటే రాసేదాన్ని కాదా?

మార్చి 10, సోమవారం

పరీక్ష పెట్టడానికి ఒప్పుకుంది. మూడురోజులు, తొమ్మిదినుంచి పదిదాకా, షెడ్డు అద్దాల కిటికీ వెనక కుర్చీ వేసుకుని తనే చూస్తుందట. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది.

కుంటోడికి ఉడికించిన గుడ్డు పెట్టాను. నేనొక్కదాన్నే ఉంటే పొద్దున్నే ముసలమ్మ దగ్గరికి పోయేవాడు. ఇవాళ అద్దం వైపు ఒక్కసారి చూసి, ఒక ముక్క తాను తిని, మిగతావన్నీ గడ్డి కింద దాచేశాడు. ముసలమ్మ చువ్వ మీద కదలకుండా కూర్చుంది. నోరు కూడా తెరవలేదు.

మార్చి 11, మంగళవారం

మళ్లీ దాచాడు.

మార్చి 12, బుధవారం

ఇవాళ కూడా. వాణ్ని పట్టుకుని రెండు తగిలించాలనిపించింది. నేను నీకోసం అందరి నోళ్లలో పడుతుంటే నువ్వు గడ్డి కింద గుడ్లు దాచుకుంటావురా సన్నాసీ.

ఆమె షీటు మీద "పంచుకోలేదు" అని మూడు రోజులకూ రాసి సంతకం పెట్టింది. కొత్త ముఖం ఉంటే కాకులు మేత దాచుకుంటాయి, సాయంత్రం ఉండి చూడండి అని బతిమాలాను. పరీక్ష అంటే ఒకటే సమయం, ఒకటే పద్ధతి, ఇష్టమొచ్చినట్టు మార్చకూడదంది. పైగా, "వాడు తెలిసి దాచాడని మీరంటున్నారు. చూసేవాళ్లుంటే దాచడం కూడా సహజాతమే" అంది. వాడు పెడితే సహజాతం, పెట్టకపోతే సహజాతం, దాచితే సహజాతం. బొమ్మ పడినా ఆమెదే, బొరుసు పడినా ఆమెదే. ఆమె మధ్యాహ్నం టీ తాగుతూ గుమస్తాకు సగం బిస్కెట్టు ఇచ్చింది. అది మాత్రం మంచితనం.

సాయంత్రం నాలుగు దాటాక, మిగతావన్నీ అవతలి కొసన గోల చేసుకుంటుంటే, కుంటోడు గడ్డి కింద ముక్కలు ఒక్కొక్కటే తీసి తీసుకెళ్లి ముసలమ్మకు పెట్టాడు. వాడు ఇంకా రెండడుగుల దూరంలో ఉండగానే నోరు తెరిచింది. కుంటి అడుగు చప్పుడు తెలుసు దానికి.

అద్దం వెనక కుర్చీ ఖాళీ. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

మార్చి 13, గురువారం

అక్టోబరులో నా రిటైర్మెంట్. ఇప్పటినుంచే కాగితాలు నింపాలట. గుమస్తా ఇచ్చిన ఫారంలో "మీ మీద ఆధారపడినవారు" అని ఉంటే వదిన పేరు రాశాను. పెన్నుతో కొట్టేశాడు. భర్త అక్కలు ఆ లెక్కలోకి రారట. మీ ఆయన పోయాక ఆవిడ మీకేమవుతుందండీ అని అడిగాడు.

నాకేమవుతుందో ఈ వెధవకు చెప్పాలా? పదకొండేళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. వీళ్లందరికీ రక్తం కావాలి. రక్తం లేకపోతే లిస్టులో వేరే ఊరు.

ఇంటికొచ్చి వదినకు చెప్పలేదు. ఎందుకు బాధపెట్టడం?

మార్చి 15, శనివారం

పక్కింటావిడ వస్తే తలుపు దగ్గర మాటలు వినిపించాయి. వదిన అంటోంది, "ఏం చేయను, మరదలు ఒక్కతే. ఆఫీసు నుంచి వచ్చి ఆ కాకుల గురించి అరుస్తుంది. పెడితే తింటుంది, పెట్టకపోతే పడుకుంటుంది. దాన్ని నేనే చూసుకోవాలి."

నన్ను ఆవిడ చూసుకుంటోందట. మోకాళ్లు పనిచేయనావిడ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాత్రి కావాలనే నేనే వడ్డించాను. వడ్డించడానికి వెళ్తే గిన్నెలు అప్పటికే బల్లమీద మూతలు పెట్టి ఉన్నాయి.

మార్చి 17, సోమవారం

లిస్టు అలాగే ఉంది. పదకొండు రోజులు.

ముసలమ్మను పంపే ఊళ్లో ఎవరుంటారు దానికి? గిన్నెలో పెడితే మిగతావి తోసేస్తాయి. వేరే పంజరంలో పెడితే ఎదుట మేత ఉందని తెలిసినా పొడవదు. నాకు తెలుసు, ఒకసారి జరిగింది.

రెండేళ్ల క్రితం కుంటోడి కాలు వాచింది. డాక్టరు పదిరోజులు విడి పంజరంలో ఉంచమన్నాడు. ముసలమ్మకు నేనే పెట్టబోయాను. చేత్తో పెట్టాను, పట్టకారుతో పెట్టాను. ఆఖరికి సిగ్గు వదిలి వాడిలా నేలమీద ఒంటికాలితో తపతప కొట్టుకుంటూ వెళ్లాను. నోరు తెరవలేదు. ముక్కు దగ్గర ఆనించిన ముక్కను తల తిప్పి పక్కకు పడేసింది. ఇన్నేళ్లు నేను కడిగి, తూచి, ఎత్తుకున్న పక్షి నా చేతి ముద్ద తీసుకోలేదు. ఆ రోజు ఎంత ఉక్రోషం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. గోడవారన ఉన్న నీళ్లతో, కాలికి తగిలిన నాలుగు గింజలతో బతికింది. ఆరోరోజు పొద్దున, వాడికింకా మేత పెట్టకముందే, డాక్టరు మాట కాదని నేనే తలుపు తీసి కుంటోణ్ని లోపలికి వదిలాను. వాడు మేతగిన్నె దగ్గర ఒక్క క్షణం ఆగి, నోరు నింపుకుని, నేరుగా దాని దగ్గరికి పోయాడు.

తను ఆకలిగా ఉండి, తినకుండా పోయాడు. బటనట.

ఇప్పుడు ఒక సంగతి తట్టింది. టిక్కులు నావి. తూకం మాత్రం మిషనుది. అది దానంతట అదే ముద్ర వేస్తుంది, నేను మార్చలేను. ఆ ఆరురోజుల తూకాలు షీట్ల మీదే ఉన్నాయి.

మార్చి 18, మంగళవారం

మధ్యాహ్నం భోజనం మానేసి పాత కట్టలు వెతికాను. 430. 421. 409. 394. 380. 366. తర్వాత వాడొచ్చాక 371, 383, 398. పక్కనే ప్రతిరోజూ నా టిక్కు, స్వయంగా తిన్నదని.

టిక్కు నిజమైతే తూకం అర్థం కాదు. తూకం అర్థం కావాలంటే టిక్కు అబద్ధమని చెప్పాలి.

మార్చి 19, బుధవారం

చెప్పను. తప్పుడు రాతలు రాస్తే ఉద్యోగం తీసేస్తారు. ఇంకా ఏడు నెలలుంది. పైగా గుడ్డిదని తెలిస్తే ముందు దానికోసమే ఆ పెట్టె తెరుస్తారు. దానికోసమే చెప్పను.

మార్చి 20, గురువారం

మింగలేక కక్కలేక ఉంది. వదిన ముందు మళ్లీ సైంటిస్టమ్మను తిట్టడం మొదలుపెట్టాను. ఆమె చదువు, ఆమె ముక్కు గుడ్డ, ఆమె పోస్టరు. వదిన చాలాసేపు వింది. చేతిలో ఉన్న నా జాకెట్టుకు గుండీ కుట్టడం ఆపలేదు.

"మూడు వారాలనుంచి ఆవిణ్ని తిడుతున్నావు. బాగుంది. ఆ ముసలిది అక్కడికెళ్లి ఏం తింటుందో, నువ్వు ఈ మూడు వారాల్లో ఒక్కసారీ పైకి అనలేదు."

ఉద్యోగం పోతే మనిద్దరం ఏం తింటాం అన్నాను.

"ఏదో ఒకటి. ఎవరో ఒకరు పెడతారు" అని దారం కొరికింది.

మార్చి 21, శుక్రవారం

చెప్పేశాను.

పొద్దున్నే వెళ్లి, ఆ ఆరురోజుల షీట్లు బల్లమీద పరిచి, కళ్ల సంగతి, టిక్కుల సంగతి, డాక్టరు సంగతి, పంజరం తలుపు సంగతి, ఒకటి తర్వాత ఒకటి చెప్పాను. నిలబడే చెప్పాను. నోరు తెరిస్తే పెట్టడం బటనైతే ఎవరు నొక్కినా లైటు వెలగాలి కదా మేడమ్, మరి ఆ ఆరురోజులూ అది నాకు నోరే తెరవలేదేం, పక్కనున్న కాకులకు తెరవలేదేం అని అడిగాను. మూడు వారాలుగా గొంతులో ఉన్న మాట. బాగానే అడిగాను. ఇప్పుడు ఏమంటావో చూస్తాను అన్నట్టు నిలబడ్డాను.

ఆమె తూకాల మీద వేలు పెట్టి కిందికి వెళ్లింది. పైకి వచ్చింది. మళ్లీ కిందికి.

"ఎన్నాళ్లు రాశారు ఇలా?"

నాలుగేళ్లు అన్నాను.

ఆమె ముఖం తెల్లబోయింది. నేను సిద్ధంగా ఉన్నాను, కోపానికి కోపం, మాటకు మాట. ఆమె కోప్పడలేదు.

"ఆ పోస్టరు మీదున్నది ఎక్కడినుంచి రాశాననుకున్నారు? నాలుగేళ్లలో ఒక్కసారీ జరగలేదని నేను ఊహించి రాశానా? నాకు ఆ గదిలో ఊపిరాడదు. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఈ మూడేళ్లూ నేను మీ కళ్లతో చూశానమ్మా."

ఉబ్బసం అని నాకు తెలియదు. వాసన పడదని గుమస్తా అంటే నవ్వాను, అందరితో చెప్పి నవ్వించాను.

రక్తసంబంధం లేనివి ఎటైనా పోవచ్చు అన్న లిస్టు ఆ పోస్టరు లోంచి వచ్చింది. పోస్టరు షీట్లలోంచి వచ్చింది. షీట్లు నా చేతిలోంచి. ఆ రెండింటినీ విడదీసింది ఎవరో నేను ఇన్నాళ్లూ ఊరంతా వెతుకుతున్నాను.

బయటికొచ్చి నడవాలో పోస్టరు ముందు ఆగలేదు. తల వంచుకుని పోయాను. ఇంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

మార్చి 22, శనివారం

ఇవాళ సెలవు. అయినా సైంటిస్టమ్మా నేనూ ఇద్దరం షెడ్డుకు వచ్చాం. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, మందు పీల్చుకుని, సామాను గదిలో బస్తాల వెనక కూర్చుంది. తలుపు సందులోంచి చువ్వ కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటింది. రెండుసార్లు దగ్గు ఆపుకోలేక బయటికి పోయి వచ్చింది. ఇంక వెళ్లండి మేడమ్ అంటే తల అడ్డంగా ఊపింది.

నాలుగూ ఇరవైకి కుంటోడు గడ్డి కింద నుంచి మొదటి ముక్క తీశాడు. ముసలమ్మ నోరు తెరిచింది.

ఆమె పుస్తకంలో టైము రాసుకుంది. అంతే. ఇంకేమీ రాయలేదు. తర్వాత నీళ్లు తాగుతూ అంది, ఇది రుజువు కాదు, ఒక్క జంట, ఒక్క అలవాటు, ఇది సహజాతం కాదని నేనిప్పటికీ అనలేను అని. సరే, ఏమీ అనకండి, విడదీయకండి అన్నాను.

"విడదీస్తే తర్వాత ఏమీ తెలియదు కదా" అంది.

ఆ మాటలో ప్రేమ ఉందా, పరిశోధన ఉందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ముసలమ్మకు రెండూ ఒకటే.

మార్చి 24, సోమవారం

లిస్టు మారింది. ఇద్దరూ ఒకే ఊరు, ఒకే పంజరం. పశువుల డాక్టరు ముసలమ్మ రెండు కళ్లూ ఈసారి టార్చి వేసి చూశాడు. నావైపు ఒకసారి చూశాడు. పెట్టే కాకి ఉన్నంతకాలం ఉంచవచ్చు, అది లేనిరోజు మళ్లీ నన్ను పిలవండి అని రాశాడు. పెట్టె తెరవలేదు.

నా ఉత్తర్వూ వచ్చింది. ఇరవై ఎనిమిదే ఉద్యోగంలో చివరి రోజు. పెన్షను ఆపకూడదని సైంటిస్టమ్మ పైవాళ్లకు ఉత్తరం రాసిందట. ఏమవుతుందో తెలియదు. అడిగాను, ఆ పోస్టరు సంగతేంటని. తనే తీసేయిస్తానంది. బహుమతి కూడా వెనక్కిచ్చేస్తుందట. ఆ పరిశోధన పేపరు రాయడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. పాడుచేయడానికి నాకు రోజుకు ఒక టిక్కు చాలింది.

ఆమెను ఏమని క్షమాపణ అడగను? అడగలేదు. ఆమె షెడ్డులోకి వచ్చేముందు కిటికీలన్నీ గంట ముందే తెరిచి ఉంచుతున్నాను. అంతకన్నా చేతకాలేదు.

ఆ గడి పెట్టినవాళ్ల మీద మాత్రం నా కోపం ఇప్పటికీ పోలేదు.

మార్చి 28, శుక్రవారం

వ్యాను పదకొండుకు వచ్చింది. అంతకుముందు ఆఖరి షీటు నింపాలి కదా అని ఆమె తనే తెచ్చి ఇచ్చింది. తూకం 428. నీళ్లు మార్చాను. రెట్ట మామూలు.

ఐదో గడి దగ్గర పెన్ను ఆగింది. నాలుగేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే టిక్కు వైపు పోబోయింది. "స్వయంగా తిన్నది" కింద "లేదు" అని రాశాను. చిన్న మాట. దానికి ఇంత కాలం పట్టింది.

అప్పుడు చూశాను. ఆ గడి పక్కన, అచ్చులో లేని ఇంకో గడి. స్కేలు పెట్టి పెన్నుతో గీసింది. పైన ఆమె అక్షరాలు, "పెట్టినది ఎవరు".

కుంటోడు అని రాశాను. నా రాత వంకరపోయింది. ఆమె దిద్దమనలేదు.

పంజరం వ్యాన్లో పెట్టేటప్పుడు ముసలమ్మ కంగారుపడి రెక్కలు కొట్టుకుంది. వాడు లోపల ఒకసారి కాలు తపతప కొట్టాడు. అది సర్దుకుంది.

మార్చి 29, శనివారం

ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పదింటిదాకా పడుకునే ఉన్నాను.

వదిన గోడ పట్టుకుని నడిచి వచ్చింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కంచం. ఆ మోకాళ్లతో వంటగదినుంచి ఇక్కడికి పద్దెనిమిది అడుగులు. ఎందుకొచ్చావు, నేను లేచి తినేదాన్ని కదా అన్నాను.

"తెలుసు" అంది. మంచం అంచున కూర్చుంది. నేను తినేదాకా లేవలేదు.